చిన్న వ్యాపారికి ఉమ్మడి కార్యాలయము

వ్యాపారమనగానే మన విద్యార్థులకు మొదట స్ఫురించునవి సరకు, పెట్టుబడి, లాభనష్టములు. వ్యాపారి కూర్చుండు చోటును గురించి పాఠ్యపుస్తకములలో ఒకటి రెండు వాక్యములకు మించి ఉండదు. "ఆఫీసు అద్దె" అను పద్దు లాభనష్టముల ఖాతాలో డెబిట్ వైపున ఒక్క పంక్తిలో ముగిసిపోవును. కాని డిగ్రీ పూర్తిచేసి స్వంతముగా ఏదైన ఒక పని ప్రారంభింపవలెనని మా వద్దకు సలహాకు వచ్చు పూర్వవిద్యార్థులు మొట్టమొదట అడుగునది పెట్టుబడిని గురించి కాదు. "సార్, ఎక్కడ కూర్చోవాలి?" అని అడుగుదురు. ఇల్లు చిన్నది. ముందుగదిలో తమ్ముళ్లు చదువుకొనుచుందురు. బజారులో గది చూడబోయిన ఆరు నెలల అడ్వాన్సు అడుగుదురు. ఈ ప్రశ్నకు గల సమాధానములలో ఒకదానిని ఇచ్చట పరిశీలింతము.

ఉమ్మడి కార్యాలయ మనగా ఒక నిర్వాహకుడు ఒక అంతస్తునో, ఒక పెద్ద హాలునో యజమాని నుండి లీజుకు తీసికొని, బల్లలు, కుర్చీలు, కరెంటు, ఇంటర్నెట్టు, త్రాగునీరు, సమావేశపు గది అన్నియు అమర్చి, రోజుకో నెలకో కొంత రుసుముపై పలువురు చిన్న వ్యాపారులకు చోటిచ్చు ఏర్పాటు. కొందరికి బల్ల మాత్రమే చాలును. కొందరు తలుపు గల చిన్న గది కోరుదురు. చోటు అక్కరలేక ఉత్తరములు వచ్చుటకు చిరునామా మాత్రమే కొనువారును కలరు.

ఈ పద్ధతి అమెరికా నుండి దిగుమతి అయినదని పత్రికలలో చదువుచుందుము. నేటి పేరు అచ్చటిదే. 2005లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అను కంప్యూటరు ప్రోగ్రాముల రచయిత ఇంట ఒంటరిగా పనిచేయలేక, ఇతరుల క్రింద ఉద్యోగము చేయ నిష్టపడక, తనవంటి వారితో కలిసి కూర్చొనుటకు వారమునకు రెండు రోజులు ఒక చోటును ఏర్పాటు చేసికొన్నాడు. దానికి "కోవర్కింగ్" అని పేరు పెట్టినాడు. పేరు క్రొత్తది, పని ప్రాతది. మన ఊళ్లలో సబ్-రిజిస్ట్రారు కార్యాలయము ఎదుట చెట్టు నీడను, రేకుల పందిరి క్రిందను కూర్చుండు దస్తావేజు లేఖరులను చూడుడు. నలుగురైదుగురు లేఖరులకు ఒకే టైపు మిషను ఉండెడిది. నేడు ఒకే కంప్యూటరు, ఒకే ప్రింటరు. స్టాంపుల విక్రేత ప్రక్కనే కూర్చుండును. జెరాక్సు పందిరి చివర. ఒకరి వద్ద రద్దీగా నున్న ప్రక్కవాడు పని అందుకొనును. ఈ పందిరికి ఎవరును ఆంగ్లనామము పెట్టలేదు గాని, పైన చెప్పిన హాలునకును దీనికిని తేడా చల్లని గాలి యంత్రము మాత్రమే.

ఇంకను వెనుకకు పోయిన, దూరదేశపు వర్తకులకు సరాయిలు ఉండెడివి. కైరో నగరమున సుల్తాను అల్-గౌరీ 1504-05లో కట్టించిన వికాలా నేటికిని నిలిచియున్నది. నడుమ ముంగిలి, చుట్టును క్రింది అంతస్తున గిడ్డంగులు, దుకాణములు, పై అంతస్తులలో వర్తకులకు బస. వచ్చిన వర్తకుడు తనకు కావలసినంత చోటును, కావలసినంత కాలమునకే తీసికొనెడివాడు. (సందర్భము వచ్చినది గనుక ఒక మాట. మన తెలుగు వ్యాపార భాషలో దుకాణము, ఖాతా, జమ, వసూలు, బాకీ, రసీదు, కిరాయి అన్నియు ఉర్దూ, పారశీక, అరబ్బీ భాషల నుండి వచ్చి మన ఇంటివైన మాటలే. బజారులో భాషలు ఒక్క కప్పు క్రింద కాపురముండుట ఏనాడో నేర్చినవి.)

అన్నిటికంటె విచిత్రమైన ఉదాహరణము లండనుది. 1688 నాటికి ఎడ్వర్డ్ లాయిడ్ అనునతడు టవర్ వీధిలో ఒక కాఫీ దుకాణము నడుపుచుండెను. ఓడల కప్తానులు, ఓడల యజమానులు, సముద్ర బీమా వ్రాయువారు అచ్చట చేరెడివారు. 1691లో దుకాణము లంబార్డు వీధికి మారినది. బీమా వ్రాయు వ్యక్తికి వేరే కార్యాలయము లేదు. కాఫీ ఖరీదే అతని అద్దె. ఏ ఓడ ఏ రేవు చేరినది, ఏది మునిగినది అను వార్తలు ఆ బల్లల చెంతకే వచ్చెడివి. 1774లో బీమాదారులు ఆ దుకాణము విడిచి రాయల్ ఎక్స్ఛేంజి భవనములో స్వంతముగా గదులు తీసికొన్నారు. నేడు ప్రపంచ ప్రసిద్ధమైన లాయిడ్స్ బీమా విపణి అదియే. అచ్చట ఏకరూప దుస్తులు ధరించు సిబ్బందిని ఇప్పటికిని "వెయిటర్లు" అనియే పిలుతురు.

ఇక లెక్కకు వత్తము. ఒక పట్టభద్రుడు చిన్న దుకాణముల పన్ను లెక్కలు వ్రాసిపెట్టు పని ప్రారంభించినాడనుకొందము. బజారులో గది కిరాయి నెలకు 12,000 రూపాయలు, అడ్వాన్సు ఆరు నెలలది 72,000. బల్లలు, కుర్చీలు, ప్రింటరు, వైరింగు మొదలగువాటికి 80,000. అనగా ఒక్క ఖాతాదారుడైనను గడప త్రొక్కకముందే 1,52,000 రూపాయలు పోయినవి. ఆపైన నెలనెలా కిరాయి 12,000, కరెంటు, ఇంటర్నెట్టు 4,000, తలుపు తీసి కూర్చుండు కుర్రవానికి 9,000, మొత్తము 25,000. అదే వ్యక్తి ఉమ్మడి హాలులో బల్లకు నెలకు 6,000, నెలకు పది గంటలు సమావేశపు గదికి గంటకు 300 చొప్పున 3,000 ఇచ్చినాడనుకొనుడు. 9,000పై 18 శాతము జి.ఎస్.టి. 1,620 చేర్చగా 10,620 అగును. డిపాజిట్టు రెండు నెలలది 12,000. ఈ అంకెలు మేము ఉదాహరణకు వేసికొన్నవి. ఊరిని బట్టి, వీధిని బట్టి మారును. అతడు జి.ఎస్.టి. క్రింద నమోదైన వాడైనచో ఆ 1,620 సాధారణముగా తన పన్నులో తగ్గించుకొనవచ్చును. నమోదు కానివానికి అది ఖర్చే.

నెలకు 14,380 మిగిలినదని విద్యార్థులు సంతోషింతురు. కాని అసలు లాభము ఆ మిగులులో లేదని మా అభిప్రాయము. మొదటి పద్ధతిలో 25,000 స్థిర వ్యయము. పని వచ్చినను, రాకున్నను, రంజాను నెలయైనను, వర్షముల నెలయైనను అది చెల్లింపవలసినదే. రెండవ పద్ధతిలో దానిలో అధికభాగము చర వ్యయముగా మారినది. పని తగ్గిన నెలలో సమావేశపు గది మానుకొనవచ్చును. రెండు నెలలు చూచి బల్లయే వదలుకొనవచ్చును. పని పెరిగిన రెండవ బల్ల తీసికొనవచ్చును. చిన్న వ్యాపారములు మొదటి సంవత్సరములలో మూతపడుటకు తరచుగా కారణము లాభము లేకపోవుట కాదు, చేతిలో రొక్కము లేకపోవుట. లాభము కాగితముపై ఉండును, బాకీలు వసూలు కావు, ఒకటవ తారీఖున ఇంటియజమాని వాకిట నిలుచును. 1,52,000 రూపాయలు బల్లలుగా, అడ్వాన్సుగా మారక చేతిలోనే ఉన్నచో అతడు ఎన్ని నెలలు ఓర్చుకొనగలడో మీరే లెక్కింపుడు.

రెండవ ప్రయోజనము ఇరుగు పొరుగు. ఆల్‌ఫ్రెడ్ మార్షల్ 1890లో ప్రకటించిన అర్థశాస్త్ర గ్రంథములో, ఒకే వృత్తివారు ఒకే చోట చేరిన వృత్తి రహస్యములు రహస్యములుగా నిలువవనియు, పనివారు సులభముగా దొరకుదురనియు, అనుబంధ వృత్తులు ప్రక్కనే పెరుగుననియు వివరించినాడు. మన విద్యార్థులకు ఇంగ్లండు ఉదాహరణములు కంఠస్థము చేయు శ్రమ అక్కరలేదు. విజయవాడ ఆటోనగరుకు పోయి చూడుడు. లారీ ఒక్కటి లోపలికి వచ్చిన, బాడీ కట్టువాడు, వెల్డింగు వాడు, రంగు వేయువాడు, విడిభాగములు అమ్మువాడు అందరును పిలుపు దూరములో ఉందురు. హైదరాబాదు లాడ్ బజారులో గాజుల దుకాణములు వరుసగా ఉండుట చేత ఒకరి బేరము మరొకరు చెడగొట్టుకొనుట లేదు. ఊరిలోని గాజుల బేరమంతయు ఆ వీధికే వచ్చుచున్నది.

ఉమ్మడి కార్యాలయములో ఒకే వృత్తివారు కాక వేర్వేరు వృత్తులవారు చేరుదురు. దీని ఫలితమును గ్రహించుటకు రోనాల్డ్ కోస్ 1937లో వ్రాసిన వ్యాసము సహాయపడును. సంస్థలు ఎందుకు ఏర్పడును అని అతడు ప్రశ్నించినాడు. బజారులో ప్రతి పనికి తగిన మనిషిని వెదకుట, ధర మాటలాడుకొనుట, ఒప్పందము వ్రాసికొనుట ఇవన్నియు ఖర్చుతో కూడినవి గనుక ఆ పనులను సంస్థ తనలోనే ఇముడ్చుకొనునని అతని సమాధానము. ఈ ఆలోచనకు 1991లో నోబెలు బహుమతి వచ్చినది. పెద్ద సంస్థకు లెక్కల శాఖ, న్యాయ శాఖ, ప్రకటనల శాఖ వేరువేరుగా ఉండును. ఒంటరి వ్యాపారికి ఏ శాఖయు లేదు. కాని ప్రక్క బల్లపై లెక్కలు వ్రాయువాడు, ఎదుటి బల్లపై కరపత్రములకు బొమ్మలు వేయు అమ్మాయి, కిటికీ వద్ద వకీలు ఉన్నచో, మనిషిని వెదకు ఖర్చు టీ త్రాగు సమయములో తీరిపోవును. వారి నడవడి రోజును చూచుచుండుట చేత నమ్మకమునకు వేరుగా విచారణ అక్కరలేదు.

మూడవ ప్రయోజనమును అర్థశాస్త్ర గ్రంథములలో మేము చూడలేదు. మా విద్యార్థినులలో కుట్టుపని, దుస్తుల నమూనాలు, అనువాదము, ట్యూషను వంటి పనులు ఇంటినుండి చేయువారు పలువురు. తెలియని ఖాతాదారుడు ఇంటికి వచ్చుటకు ఇంటివారు ఒప్పుకొనరు. హోటలులో కలిసికొనుటకు అమ్మాయి ఒప్పుకొనదు. పని అచ్చట ఆగిపోవును. నలుగురు పనిచేసికొనుచుండు హాలులో గంటసేపు ఒక గది దొరకిన ఈ చిక్కు తీరును. హైదరాబాదులో మహిళా వ్యాపారుల కొరకే 2018లో ప్రభుత్వము వి-హబ్ అను సంస్థను నెలకొల్పుటలోని ఉద్దేశము కొంత ఇదియే. అంతకు ముందు 2015లో టి-హబ్ ప్రారంభమైనది, కాని అది ముఖ్యముగా సాంకేతిక రంగపు వారిది. మరొక మాట చెప్పవలసియున్నది. కొన్ని వీధులలో తమ పేరు విన్న పిదప గది "ఇప్పుడే ఇచ్చేశాము" అన్నారని మా పూర్వవిద్యార్థులు చెప్పగా పలుమార్లు విన్నాము. నెలసరి రుసుము చెల్లించి రసీదు తీసికొను హాలులో ఈ మాట తక్కువగా వినబడుచున్నదని వారే చెప్పినారు. ఇది చిన్న ప్రయోజనము కాదు.

చట్టము కోరు చిరునామా సంగతి క్లుప్తముగా చెప్పుదుము. 2013 కంపెనీల చట్టము 12వ సెక్షను ప్రకారము కంపెనీకి ఏర్పడిన 30 రోజులలో నమోదిత కార్యాలయము ఉండవలెను; వెలుపల పేరు, చిరునామా గల బోర్డు ఆ ప్రాంతమున వాడుకలో నున్న భాషలలో ఒకదానిలో తప్పక ఉండవలెను. తెలుగు, ఉర్దూ రెండును వాడుకలో నున్న మన పట్టణములలో ఏది వ్రాసినను చెల్లునని మేము అర్థము చేసికొన్నాము. రెండును వ్రాసిన మరింత అందముగా నుండును. జి.ఎస్.టి. నమోదుకు ప్రధాన వ్యాపారస్థలము చూపవలెను. అద్దె ఒప్పందమో, అనుమతి పత్రమో, దానితో కరెంటు బిల్లు వంటి ఋజువు జతపరుపవలెను. ఒకే చిరునామాపై ఇరువది వ్యాపారములు ఉన్నచో తనిఖీకి వచ్చిన అధికారి సందేహపడుట సహజము. కావున ఒప్పందములో బల్ల సంఖ్యయో, గది సంఖ్యయో వ్రాయించుకొనవలెను. సరకు నిల్వచేయువారికి, యంత్రము నడుపువారికి ఈ పద్ధతి పనికిరాదు. ఖాతాదారుల రహస్యములు వినవలసిన వకీళ్లకు తలుపులేని బల్ల తగదు.

ఇంతవరకు చెప్పినది లాభపక్షము. ఇప్పుడు మేము కన్న ఒక సంగతి చెప్పవలెను.

మా కళాశాలలో బి.కాం. చదివిన ఒక యువకుడు పైన చెప్పిన లెక్కలు వ్రాయు పనియే చేయుచు ఒక నగరములో ఉమ్మడి హాలులో బల్ల తీసికొన్నాడు. ఎనిమిది నెలలు బాగుగా సాగినది. ఒకనాడు, అది ఒక నెల 18వ తారీఖు, ఉదయము పోయి చూడగా తలుపునకు క్రొత్త తాళము వ్రేలాడుచున్నది. విచారింపగా హాలు నిర్వాహకుడు భవన యజమానికి చాలా నెలలుగా కిరాయి కట్టలేదని తెలిసినది. ఇతడు తన రుసుము తప్పక కట్టినాడు, రసీదులు ఉన్నవి. అయినను ఖాతాదారుల బిల్లుల కట్టలు, కంప్యూటరు లోపల. 20వ తారీఖునకు జి.ఎస్.టి. నెలసరి రిటర్నులు వేయవలెను. తాళము 24వ తారీఖున తెరచినారు. ఆలస్య రుసుము రోజుకు 50 రూపాయల చొప్పున ఒక్కొక్కరికి 200 అయినది. దానిని తానే భరించినాడు. కాని ఇద్దరు ఖాతాదారులు మరల రాలేదు. డిపాజిట్టు సయితము రాలేదు. "సార్, నేను కిరాయి బాకీ లేను కదా, నన్నెందుకు బయట నిలబెట్టారు?" అని అతడు మమ్ము అడిగినాడు. తరగతిలో మేము చెప్పిన వ్యాపార చట్టములో ఈ ప్రశ్నకు సమాధానము ఉన్నది గాని, ఆ సమాధానము అతనికి ఉపయోగపడునట్లు మేము చెప్పియుండలేదు.

ఆ సమాధాన మిది. స్థలమును అనుభవించుట రెండు విధములు, లీజు, లైసెన్సు. లీజులో స్థలముపై హక్కు సంక్రమించును. లైసెన్సులో లోపలికి వచ్చి పని చేసికొను అనుమతి మాత్రమే. వీనిని వేరుపరచు ప్రసిద్ధమైన తీర్పును సుప్రీంకోర్టు 1959లో అసోసియేటెడ్ హోటల్స్ వర్సెస్ ఆర్.ఎన్. కపూర్ కేసులో ఇచ్చినది. ఆశ్చర్యమేమనగా అదియు ఇతరుల కప్పు క్రింద నడచిన చిన్న వ్యాపారపు తగాదాయే. ఢిల్లీ ఇంపీరియల్ హోటలు భవనములో కొన్ని గదులలో క్షౌరశాల నడుపుటకు 1949లో పత్రము వ్రాసికొన్నారు. పత్రములో లైసెన్సు అనియే వ్రాసినారు. కాని పత్రమునకు పెట్టిన పేరు ప్రధానము కాదని, ఉభయుల ఉద్దేశమును, స్థలము పూర్తిగా ఎవరి స్వాధీనములో నున్నదో దానిని చూడవలెనని చెప్పి, మెజారిటీ న్యాయమూర్తులు దానిని లీజుగా నిర్ణయించినారు.

ఈ కొలతతో చూచిన ఉమ్మడి హాలులోని బల్ల దాదాపు ఎల్లప్పుడును లైసెన్సే. తాళపుచెవి నిర్వాహకునిది. నేడు కిటికీ వద్ద బల్ల ఇచ్చి రేపు గోడ వద్దకు మార్చును. కౌలుదారునకు గల రక్షణ దీనికి లేదు. అట్లని చేతులు కట్టుకొని కూర్చొన నక్కరలేదు. 1882 ఈజ్‌మెంట్ల చట్టము 63వ సెక్షను ప్రకారము లైసెన్సు రద్దయిన పిదప వస్తువులు తీసికొనిపోవుటకు తగిన వ్యవధి ఇయ్యవలెను. 64వ సెక్షను ప్రకారము ప్రతిఫలము చెల్లించి, తన తప్పు లేకుండ గడువునకు ముందు వెళ్లగొట్టబడిన వాడు లైసెన్సు ఇచ్చినవాని నుండి నష్టపరిహారము రాబట్టుకొనవచ్చును. రాబట్టుకొనవలసినది దివాలా తీసిన నిర్వాహకుని నుండి అని మాత్రము మరువరాదు.

ఈ కష్టము చిన్న హాళ్లకే పరిమితము కాదు. 2010లో న్యూయార్కులో ప్రారంభమైన వివర్క్ సంస్థ విలువను 2019 జనవరిలో 4,700 కోట్ల డాలర్లుగా కట్టినారు. ఆ సంవత్సరమే సెప్టెంబరులో వాటాల విక్రయము విరమించుకొన్నది. 2023 నవంబరులో దివాలా రక్షణకు కోర్టునకెక్కి, అనేక భవనములను వదలుకొని, 2024లో బయటపడినది. (మన దేశములో ఆ పేరుతో నడుచునది వేరే యాజమాన్యపు సంస్థ.) కారణములు పలు విధములుగా చెప్పుదురు గాని మూలము ఒక్కటి. భవనములను దీర్ఘకాలపు లీజులపై తీసికొని నెలల లెక్కన అమ్మినది. ఇచ్చట మనము పైన చెప్పిన మొదటి లాభమును జ్ఞాపకము చేసికొనవలెను. చిన్న వ్యాపారి తలపై నుండి దిగిన స్థిర వ్యయము మాయము కాలేదు. నిర్వాహకుని తలపైకి ఎక్కినది. అతడు మోయలేక కూలిన నాడు క్రింద నున్నవారిపైననే పడును.

కావున బల్ల ఎంత శుభ్రముగా నున్నదో చూచుటకంటె నిర్వాహకుని లీజు ఎంతకాల మున్నదో, ఇతరులకు ఇచ్చుటకు భవన యజమాని వ్రాతమూలకముగా ఒప్పుకొన్నాడో లేదో అడుగుట మేలు. అడిగిన కోపగించుకొను నిర్వాహకుని వద్ద చేరవద్దని మా సలహా. డిపాజిట్టు రెండు నెలలకు మించనీయరాదు. ఖాతాదారుల అసలు కాగితములు రాత్రి హాలులో విడువరాదు.

ఆ యువకుడు ఇప్పుడేమి చేయుచున్నాడని విద్యార్థులు అడుగవచ్చును. మా ఊరికే తిరిగివచ్చి, ఒక జెరాక్సు దుకాణము పైన రెండు గదులను మరి ముగ్గురితో కలిసి భవన యజమాని నుండి నేరుగా లీజుకు తీసికొన్నాడు. ఒకరు బీమా ఏజెంటు, ఒకరు ఇళ్ల ప్లానులు గీయువారు, ఒక అమ్మాయి ఉర్దూ, తెలుగు అనువాదములు చేయును. నలుగురి పేర్లును పత్రములో ఉన్నవి. లీజు మూడు సంవత్సరములది గనుక రిజిస్టరు చేయించినారు. కిరాయి నాలుగు భాగములు. ఒకరు పోదలచిన రెండు నెలల ముందు చెప్పవలెను. క్రొత్తవారిని మిగిలిన ముగ్గురు ఒప్పుకొనవలెను. కరెంటు బిల్లు ఎవరు కట్టవలెను, ప్రింటరు సిరా ఎవరు తేవలెను అనునవి సయితము వ్రాసికొన్నారు. ఆ కాగితమును సంతకములకు ముందు మాకు చూపగా రెండు చోట్ల సవరించినాము. ఫ్యాను క్రింది బల్ల ఎవరిదో మాత్రము వ్రాయుట అందరమును మరచినాము. వేసవి వచ్చిన పిదప ఆ సంగతి మాకు తెలియవచ్చినది.